కుదుపు లేని కారు

మా దేవసహాయం బాబాయి పోయి నెల దాటింది. ఆయన పోవడానికి ఇరవై రోజుల ముందు నేను వెళ్ళి చూసొచ్చాను. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఆయన మనవడే వచ్చి కారులో తీసుకుపోయాడు. పెద్దదాన్నని నడుము వెనక ఒక దిండు పెట్టాడు గానీ దాని అవసరమే రాలేదు. గురజాల దాటాక ఎక్కడో కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి మాచర్ల వచ్చేసింది. "ఏందత్తా, ఇంటికాడ నిద్రపోవటం లేదా?" అని ఆ అబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సీమలో ఒకప్పుడు కారు వెనక భాగంలో వెల్లకిలా పడుకుని, ఒక్కొక్క గుంత ఒంట్లో ఎక్కడ తగులుతోందో చెప్పడమే పనిగా మూడు రోజులు తిరిగిన మనిషిని నేను. అలాంటిదాన్ని అంత హాయిగా నిద్రపోయినందుకు ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. బాబాయికి చెప్పాలనుకుని పోతున్న మాట గొంతులో ఉంది. అరవై ఏళ్ళ పైగా అది అక్కడే ఉంది.

మా ఊరు మాచర్లకు పదిహేను మైళ్ళు, వెల్దుర్తి వైపు. ఇప్పుడు తారు రోడ్డు పడింది గానీ అప్పుడు దాన్ని దారి అని పిలుచుకోవడమే తప్ప దారి లేదు. సగం దూరం నాపరాయి పలకలు నేలలోంచి పొడుచుకొచ్చి ఉండేవి. మిగతా సగం నల్లరేగడి. వానల్లో బళ్ళు దిగబడి పడిన గాడులు ఎండలకు ఇటుకల్లా గట్టిపడి, మళ్ళీ వానలొచ్చేదాకా అట్లాగే ఉండేవి. నాన్న మిషన్ బళ్ళో పంతులు. తెల్లారకముందే లేచి గొంతెత్తి ప్రార్థన చేసేవాడు. ఇంట్లో వాళ్ళందరి పేర్లయ్యాక బడి మానేసిన పిల్లల పేర్లు కూడా ఒక్కొక్కటే దేవుడికి చెప్పేవాడు. అమ్మ అప్పటికే పొయ్యి దగ్గర ఉండేది. జొన్నరొట్టె అరచేతుల మధ్య కొడుతుంటే వచ్చే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆ చప్పుడు వినపడుతున్నంత సేపూ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టే లెక్క. మిరపకాయల కాలంలో ఊరంతా ఒకటే ఘాటు. కళ్ళాల్లో కాయలు ఏరడానికి పోయిన అమ్మ సాయంత్రం వచ్చి నన్ను దగ్గరికి తీసుకోబోయి, చేతులు గుర్తొచ్చి వెనక్కి తీసుకునేది.

బాబాయి నాన్నకు పదేళ్ళు చిన్న. అమ్మ కాపురానికి వచ్చేనాటికి తల్లి లేని పసివాడు. అమ్మే స్నానం పోసి, అన్నం పెట్టి పెంచింది. పెద్దయ్యాక మాచర్లలో పత్తి వ్యాపారం చేసే ఒక శెట్టిగారి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. ఆదివారం ఆరాధన వేళకు సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన గుమ్మం ఎక్కకముందే గ్రీజు వాసన లోపలికి వచ్చేది. అమ్మ కిరసనాయిలు గుడ్డా, ఇంత బూడిదా చేతికిచ్చి, బాగా తోముకుంటే గానీ కంచం పెట్టేది కాదు. "నీ చేతులు కడిగిన నీళ్ళతో దీపం వెలిగించుకోవచ్చురా" అనేది. ఆయన నవ్వేవాడు. నాన్నతో మాట్లాడాలంటే భయపడేవాడు గానీ అమ్మతో ఏదైనా మాట్లాడేవాడు.

ఆ ఏడు చలికాలంలో అమ్మకు వెన్నులో నొప్పి మొదలైంది. మొదట రొట్టె కొట్టడం మధ్యలో ఆపి గోడ పట్టుకునేది. తర్వాత పొద్దున్నే ఆ చప్పుడే ఆగిపోయింది. ఒకరోజు వీపుకు నూనె రాస్తుంటే వెన్నుపూస ఒకటి బయటికి పొడుచుకొచ్చి నా వేళ్ళకు తగిలింది. ఎడ్లబండిలో మాచర్లకు, అక్కణ్ణించి రైల్లో గుంటూరుకు తీసుకుపోతే, వెన్నెముకకు క్షయ పట్టిందన్నారు. చంకల కింద నుంచి తుంటి దాకా పిండికట్టు కట్టారు. సూదిమందు రాసిచ్చారు. చెక్కబల్ల మీద కదలకుండా పడుకోవాలనీ, మూడు నెలలకు వస్తే కట్టు మార్చి ఎక్స్‌రే ఫోటో తీసి చూస్తామనీ చెప్పారు. "వెన్ను ఇప్పుడు పుల్ల మీద పుల్ల నిలబెట్టినట్టుంది. గట్టి దెబ్బ తగిలితే కాళ్ళు పడిపోతాయి" అని డాక్టరు నాన్నతో అన్నాడు. ఆ మాట విని కూడా తిరిగి ఎడ్లబండిలోనే తెచ్చాం. మరో దారి లేదు. దారిలో అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికి వచ్చాక చూస్తే కొంగు చిల్లులు పడి ఉంది.

ఆ కొంగును బాబాయి చూశాడు. ఆ ఆదివారం ఆయన అన్నం తినలేదు. నాన్నకు ఎదురుగా నిలబడి, "ఈసారి ఒదినను బండెక్కించబాకన్నా. మాచర్ల స్టేషను దాకా కారులో నేను తీసకపోతా" అన్నాడు.

"శెట్టిగారు కారిస్తాడంటరా మనకి?"

"అడుగుతా."

"ఇచ్చినా ఆ కారు బండికంటే తక్కువ కుదిపేదా? శెట్టెమ్మ ఆ కారెక్కి దిగితే రెండు రోజులు మంచం దిగదని నువ్వే గదరా అన్నావు."

"దాన్ని అట్టాగే తీసకొస్తానా? మెత్తగా చేస్తా. ఒదిన నిద్రపోద్ది చూడు."

శెట్టిగారు నిజంగానే ఒప్పుకున్నాడు. మంచివాడే. మూడు రోజులు ముందుగా కారును మా ఊరు తీసుకుపోయి సరిచేసుకోమన్నాడు. నాలుగోరోజు మమ్మల్ని రైలెక్కించి, ఆ సాయంత్రానికి కారు తనకు అప్పజెప్పాలి. శెట్టిగారి తల్లి మాత్రం వెనక సీటు తీసి ఇంట్లో పెట్టి వెళ్ళమంది. ఎలాగూ బల్ల వేసుకోవాలి కదా, మంచిదే అనుకున్నాం. మా వాళ్ళు ఆ సీటు మీద కూర్చోకుండా ఉండేందుకు ఆవిడ చెప్పిన మాట అదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తోచింది.

అది దొరలెవరో వాడి వదిలేసిన పాత కారు. గుడ్డ కప్పు, చెక్క అడుగు. కారు ఒంటికీ ఇరుసుకూ మధ్య వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. కమాను కట్ట అంటారు. చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ ముందు అది తీసుకోవాలి. ఆ కారు కమాన్లు తుప్పుతో ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే ఇనప దిమ్మెలా అయిపోయాయి. బాబాయి వాటిని విప్పి బడి పక్కన గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. ఇసకతో రుద్ది, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పట్టించాడు. ఎనిమిది పట్టీల్లో రెండు తీసి పక్కన పెట్టి మిగతావే బిగించాడు. టైర్లలో గాలి కొంత వదిలేశాడు. అప్పుడు కారు మెత్తబడింది గానీ కొత్త తంటా వచ్చింది. ఒక్క గుంతలో పడితే పడవలా పదిసార్లు ఊగేది. ఆ ఊపును ఆపే సరంజామా ఆ కారుకు ఎప్పుడో ఊడిపోయిందట. బాబాయి మాచర్ల పోయి, పత్తి జిన్నింగు మిల్లులో పారేసిన తోలు బెల్టు ముక్క తెచ్చి, బిళ్ళలుగా కోసి, రెండు ఇనప రేకుల మధ్య బిగించి, ఇరుసుకొక చివర, కారు ఒంటికొక చివర తగిలించాడు. కారు ఊగబోతే ఆ తోలు రాపిడికి ఊపు చచ్చిపోయేది. "దెబ్బ తగలకుండా చెయ్యటం ఏమంత పని కాదమ్మాయ్. తగిలిన దెబ్బ మళ్ళా మళ్ళా కొట్టకుండా ఆపటమే కష్టం" అన్నాడు. ఆయన చేతులు పుళ్ళు పడ్డాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూసింది ఆ మూడు రోజులే.

ముందు కూర్చుని నడిపేవాడికి వెనక సంగతి తెలియదు. అందుకని నన్ను పడుకోబెట్టాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. చిక్కిపోయిన అమ్మ బరువూ నా బరువూ ఇంచుమించు ఒకటే. అమ్మ కోసం కారులో వేసిన రెండో బల్ల మీదే, దాని కింద సగం గాలి కొట్టిన లారీ ట్యూబు వేసి నన్ను పడుకోబెట్టి, నాన్న బరువుకు బదులు ఇసక మూట పెట్టి, పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి తిప్పేవాడు. నేను కళ్ళు మూసుకుని చెప్పాలి. మా ఇద్దరికీ మూడు మాటలు ఏర్పడ్డాయి. పొడిచింది, ఊగింది, జారింది. నేను "పొడిచింది బాబాయ్" అంటే ఆపి, దిగి, కారు కిందకి దూరేవాడు. ఇంటికి వస్తే అమ్మ బల్ల మీద నుంచే అడిగేది. "ఏమే, ఎట్టా ఉందే?" నేను బాగుందనేదాన్ని. "కాపురానికి నడిచొచ్చా ఈ ఊరు. ఇప్పుడు కారెక్కి పోతానంటా" అని తనలో తాను నవ్వుకునేది. కట్టు బిగుతుకు పెద్దగా నవ్వలేకపోయేది.

మూడోరోజు పొద్దున నాకు నెలసరి వచ్చింది. అది మొదలై అప్పటికి నాలుగు నెలలే. పొత్తికడుపులో మెలిపెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. అమ్మ మంచాన ఉంది, ఇంట్లో మరో ఆడమనిషి లేదు. బాబాయితో ఎట్లా చెప్పడం? సాయంత్రం పిలిస్తే మాట్లాడకుండా పోయి బల్ల మీద పడుకున్నాను. గుడ్డ ఎక్కడ తడుస్తుందోనన్న భయం ఒకటి. పెట్రోలు వాసనకు రెండుసార్లు వాంతి వచ్చినంత పనయింది. ఊరికి నాలుగు మైళ్ళ అవతల ఒక వాగు ఉంది. అందులోకి దిగేచోట జానెడు ఎత్తున నాపరాయి మెట్టు. బాబాయి చాలా నెమ్మదిగా దింపాడు. చక్రం మెట్టు దిగిన క్షణంలో అడుగున ఇనుము ఇనుముకు కొట్టుకుని టక్కుమంది. నా నడుముకు సమ్మెట దెబ్బ తగిలినట్టయింది.

బాబాయి కారు ఆపాడు. దిగలేదు. వెనక్కి తిరక్కుండానే, "ఏమన్నా పొడిచిందా?" అన్నాడు.

"లేదు బాబాయ్."

"నిజంగా?"

"లేదు. బాగుంది."

"మళ్ళా ఒకసారి దించి చూద్దామా?"

"వద్దు. బాగుంది గదా. ఇంటికి పోదాం."

ఆయన కారు తిప్పాడు. ఇంటికి రాగానే నేను దొడ్లోకి పరిగెత్తాను. కడుపునొప్పి తప్ప ఇంకేదీ నా బుర్రలో లేదు. మర్నాటికి తేలిగ్గా ఉంటే ఆ చప్పుడు సంగతి చెప్పొచ్చులే అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో, ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా తేలదు.

తెల్లవారి అమ్మను కారు బల్ల మీదికి మార్చి, నలుగురు ఎత్తి కారులో పెట్టారు. ఊరంతా వచ్చి నిలబడింది. నాన్న ముందు కూర్చుని ప్రార్థన చేశాడు. నేను వెనక అమ్మ తల దగ్గర ఒదిగి కూర్చున్నాను. కారు కదిలింది. నిజం చెప్పాలంటే అది గొప్పగా నడిచింది. ఎడ్లబండిలో అమ్మ ప్రాణం తీసిన గాడుల మీద కారు అట్లా లేచి అట్లా ఆనింది. అమ్మ ఆశ్చర్యంగా నా వైపు చూసింది. "మెత్తగా ఉందే" అంది. మైలు దాటింది, రెండు మైళ్ళు దాటాయి. అమ్మ కళ్ళు మూసుకుంది. నాకు వాగు గుర్తొచ్చింది. చెబుదామని నోరు తెరిచాను. ఇప్పుడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు. నాన్న ఉన్నాడు ముందు. నోరు మూసుకున్నాను.

వాగు దగ్గర బాబాయి నత్త నడిచినట్టు దింపాడు. అయినా నేనూ ఎక్కడంతో ముందురోజు కంటే బరువు ఎక్కువ. అదే చప్పుడు, అంతకంటే గట్టిగా వచ్చింది. అమ్మ నోట్లోంచి "హా" అని ఒక ఊపిరి వచ్చింది, అంతే. అరవలేదు. ముందు నుంచి బాబాయి, "ఒదినా! ఎట్టా ఉంది ఒదినా?" అని కేకేశాడు. అమ్మ వెంటనే, "హాయిగా ఉంది నాయనా, పోనియ్" అంది. కారు వాగు దాటి ఒడ్డెక్కింది. కొంతసేపటికి అమ్మ మెల్లగా, "మార్తా, నా కాళ్ళ మీద దుప్పటి ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా."

"ఉందా" అంది. ఆ తర్వాత మాచర్ల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దుప్పటి రెండు మడతలు వేసి పాదాల దాకా కప్పి ఉంది. ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలియలేదు. స్టేషన్లో బాబాయి చెమట తుడుచుకుంటూ నాన్నతో, "చూశావా అన్నా, ఒదిన నోరెత్తలేదు" అన్నాడు. నాన్న ఎప్పుడూ చేయనిది, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

గుంటూరులో డాక్టరు అమ్మ అరికాళ్ళ మీద సూదితో గీశాడు. గిచ్చాడు. "తెలుస్తోందా?" అని అడిగాడు. తెలియడం లేదు. దారిలో దెబ్బ వల్లేనా అని నాన్న అడిగితే, "కావచ్చు, కాకపోవచ్చు. జబ్బు ముదిరినా ఇంతే. చెప్పలేం" అన్నాడు. ఆ మాటను పట్టుకుని నేను ఎన్ని ఏళ్ళు ఊగానో. కావచ్చు అన్న రోజు ఒకలా, కాకపోవచ్చు అన్న రోజు ఒకలా బతికాను. ఆరు వారాలయ్యాక అమ్మను ఇంటికి తెచ్చాం. ఈసారి కారు అడగలేదు. ఎడ్లబండిలో గడ్డి పరిచి తెచ్చాం. అదే దారి, అవే గాడులు. అమ్మ ఆకాశం చూస్తూ పడుకుంది. నడుము కింద ఏదీ తెలియని మనిషికి ఎంత కుదుపైనా ఒకటే.

ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. నేను బడి మానేశాను. మా ఇంట్లో జొన్నరొట్టె వాసన పోయి పుండ్ల మందు వాసన స్థిరపడింది. నాన్న పొద్దుటి ప్రార్థన గొంతు తగ్గుతూ తగ్గుతూ పెదవుల్లోకి పోయింది. బాబాయి పక్కన పెట్టిన పట్టీలు తిరిగి వేసి, కారు శెట్టిగారికి అప్పజెప్పి, ఆ నెలలోనే పని మానేశాడు. శెట్టిగారు ఉండమన్నా ఉండలేదు. సాగర్ డ్యాం దగ్గర కొన్నాళ్ళు సామాన్లు మోశాడు. ఆ తర్వాత మాచర్లలో సైకిళ్ళు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. ఆదివారాలు వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. అమ్మ ఆయన్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదేమో. అమ్మ పోయాక నేను ట్రైనింగు చదివి, పంతులమ్మనై, నరసరావుపేటలో స్థిరపడ్డాను. బాబాయికీ నాకూ మధ్య ఆ వాగు ప్రస్తావన ఎప్పుడూ రాలేదు.

మొన్న నేను పోయేసరికి బాబాయి ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. తొంభై ఏళ్ళ మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టు. కోడలు టీ ఇచ్చి వంటింట్లోకి పోయింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాను. మూడోరోజు సాయంత్రం వాగులో దెబ్బ తగిలిందనీ, నెలసరి నొప్పితో ఇంటికి పోవాలని అబద్ధం చెప్పాననీ, మర్నాడు కారులో గుర్తొచ్చినా నోరు విప్పలేదనీ. ఈ వయసులో కూడా ఆయన ముందు నెలసరి అన్న మాట పలకడానికి నాకు మళ్ళీ సిగ్గేసింది. చెప్పాక ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు.

బాబాయి తల నా వైపు తిప్పాడు.

"నాకు స్టీరింగులో తెలిసిందమ్మాయ్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలిసింది?"

"ఆ దెబ్బ. చేతుల్లోకొచ్చింది. చప్పుడు నీకెంత ఇనపడిందో నాకూ అంతే ఇనపడింది. కమాను ఆఖరుదాకా అణిగి ఇరుసు పోయి కారు ఒంటికి తగిలింది. తీసిన పట్టీ ఒకటి మళ్ళా ఏస్తే సరిపోయేది. గంట పని."

"మరి ఎందుకు..."

"ఏస్తే మళ్ళా గట్టిపడుద్ది. దూది మీద తీసకపోతానని ఊరందరికీ చెప్పుకున్నా. అన్న ముందు చెప్పుకున్నా." ఊపిరి కోసం ఆగాడు. "నిన్ను ఎట్టా అడిగా? దిగి చూశానా? కూర్చునే గదా అడిగా. బాగుందని ఎవరన్నా అంటే చాలనుకున్నా. నువ్వు అన్నావు."

వీధిలో కుక్కర్లు అమ్మేవాడి మైకు పోతోంది. ఇన్నేళ్ళూ ఆ తప్పు నా ఒక్కదానిదే అనుకుని దాన్ని ఒక రకంగా భద్రంగా మోశాను. ఇప్పుడు తెలిసింది, ఆయన కూడా తన ఒక్కడిదే అనుకుని మోశాడని. ఎవరిదో ఒకరిది నిజమైతే రెండోవాళ్ళు అరవై ఏళ్ళు ఊరకే బాధపడ్డట్టు. రెండూ నిజమైతే ఇద్దరం కలిసి అమ్మను మంచాన పడేసినట్టు. డాక్టరు చెప్పిన కాకపోవచ్చు అన్న మాట నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తుండే ఉంటుంది. ఇద్దరం దాన్ని పైకి తీయలేదు. ఎదుటి మనిషికి ధైర్యం చెప్పాలని కూడా మా ఇద్దరికీ తోచలేదు. ఆ వయసు దాటిపోయాం.

బయల్దేరుతూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. చేతి గీతల్లో నలుపు ఇంకా ఉంది. లేచి వస్తుంటే వదలకుండా కొంచెం లాగాడు.

"మార్తమ్మా."

"చెప్పు బాబాయ్."

"ముందు నేనే గదా పోయేది. ఒదిన కనపడితే నా వంతు నేను చెప్పుకుంటా. నీ మాట ఎత్తను. నీ వంతు నువ్వొచ్చి చెప్పుకో."

సరేనన్నాను.